ఇరవయ్యో కొండ

“ఎక్కవే! ముసలోళ్లే ఎక్కేస్తుంటే నీకేం రోగం?” అంటూ భర్త చేతికర్రతో ఆమె పిక్క మీద కొట్టాడు. అతనికిది ఇరవయ్యో కొండ, ఆమెకు మొదటిది. గైడక్క ఇద్దరి నడుములకూ ఒకే తాడు కట్టి ముందు నడుస్తోంది.

మళ్లీ కర్ర ఎత్తబోయి జారి, లోయలోకి వేలాడాడు. అరచేతులు చీరుకుపోయి నెత్తురు కారుతున్నా, గైడక్క పరుగున వచ్చి లాగేదాకా ఆమె తాడు వదల్లేదు.

పైకి రాగానే చెంప పగలగొట్టాడు. “నన్ను లాగి పడేసింది నువ్వే!”

ఆమె ఏడవలేదు. ఈ చేతులేనా ఇంత మనిషిని ఆపింది అనుకుంటూ నడుం దగ్గర ముడి విప్పేసింది.

“నేను లేకపోతే చస్తావే!”

“అక్కా, నన్ను నీకు కట్టుకో.”

“దిగిపోదామా చెల్లీ?”

“లేదక్కా, ఎక్కుదాం.”