బ్రేకులో గాలి

"కొట్టు," అన్నాడు అజ్మత్ అలీ బండి కింది నుంచి.

సీట్లో కూర్చున్న దుర్గయ్య బ్రేకు పెడల్ నాలుగైదుసార్లు కొట్టాడు.

"పట్టు."

తొక్కి పట్టాడు. అజ్మత్ వెనక చక్రం దగ్గర గాలి వదిలే నిపుల్ వదులు చేశాడు. సన్నపైపులోంచి బ్రేక్ ఆయిల్ సీసాలోకి దిగింది. ఒక్క బుడగ లేదు. నిపుల్ బిగించి, ఎట్లుందని అడిగాడు.

"మెత్తగనే ఉంది భాయ్. కాలికి ఏం తగుల్తలేదు."

అజ్మత్‌కు ఏడుపొక్కటే తక్కువ. పొద్దుటి నుంచి ఇదే లొల్లి. అన్ని చక్రాల్లోనూ గాలి తీశాడు. మాస్టర్ సిలిండర్ మార్చాడు. పైపులన్నీ వేలితో తడిమాడు, ఎక్కడా తడి లేదు. గాలి ఉంటే బుడగ రావాలి. కారితే ఆయిల్ తగ్గాలి. రెండూ లేవు. మరి ఈ దిక్కుమాలిన బ్రేకుకు ఏం రోగం?

పికప్ ముసలిదే, ఎవరూ కాదనరు. కానీ దుర్గయ్య ఇంట్లో పొయ్యి వెలిగేది దాని మీదే. లాడ్ బజార్ నుంచి గాజుల డబ్బాలు ఊళ్లకు మోస్తాడు. నిన్న లాల్‌దర్వాజా మలుపులో బ్రేకు అందక, బడి నుంచి వస్తున్న ఆడపిల్ల మీదికి పోయింది బండి. స్టీరింగ్ తిప్పి గోడకు గుద్దాడు. పిల్ల బతికింది. అప్పటి నుంచి ఆయనకు ముద్ద దిగడం లేదు. రేపు పొద్దున లోడు ఎత్తకపోతే వేరే బండి పెట్టుకుంటానని సేటు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు.

అజ్మత్ చాయ్ తెప్పించాడు. షుగరున్న దుర్గయ్య, చక్కెర వేశారని గ్లాసు పక్కన పెట్టేశాడు.

"గిట్లనే తీస్కపోవాల్నా భాయ్? మళ్ల ఎవరి పిల్లనన్న గుద్దితే?" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఈ పని తప్ప నాకింకోటి రాదు."

ఇన్నేళ్లలో అజ్మత్ ఏ బండి ముందూ చేతులెత్తలేదు. ఇప్పుడు అదీ అయింది.

ఉస్తాద్ నేర్పిన పట్టింపు ఒకటుంది ఆయనకు. బ్రేకు పనిలో సీటు మీద డ్రైవరే కూర్చోవాలి. ఆ బ్రేకు మీద బతికేది అతని కాలు, కాబట్టి కుదిరిందో లేదో ఆ కాలే చెప్పాలి. మెకానిక్ తన కాలితో చూసి సరేననడం పాపమనేవాడు ఉస్తాద్. అజ్మత్ ఏనాడూ ఆ మాట దాటలేదు.

ఇవాళ దాటక తప్పలేదు. మనసులోనే ఉస్తాద్‌ను మాఫీ అడుక్కుని, "జర దిగు దుర్గన్నా, నేను చూస్త," అన్నాడు.

దుర్గయ్య ఉత్తికాళ్లతోనే దిగి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

అజ్మత్ ఎక్కి పెడల్ తొక్కాడు. రాయిలా ఉంది. బలమంతా పెట్టి మళ్లీ తొక్కాడు. అంగుళం కదల్లేదు. అనుమానం తీరక బండి స్టార్ట్ చేసి, షెడ్డు ముందు కాస్త ఉరికించి తొక్కాడు. ఉన్నచోటే కరుచుకుని ఆగింది.

దుర్గయ్య గబగబా నడుచుకుంటూ దగ్గరికొచ్చాడు.

"చూసినవా భాయ్, మెత్తగ లేదూ?"

అజ్మత్ వంగి ఆయన కాళ్ల వైపు చూశాడు. దుర్గయ్య కుడి అరికాల్లో ఇంత పొడుగు మేకు దిగి నెత్తురు కారుతోంది, ఆ సంగతి ఆయనకింకా తెలియదు.