బొటనవేలంత కాయిల్

మొగుడు పేకాడతాడంటే నలుగురూ జాలిపడతారు. కేకు చేసుకునే ఓవెన్‌లో ఇగ్నిషన్ కాయిల్స్ కాలుస్తాడంటే ఎవరు జాలిపడతారు? అదీ ఆ ఇల్లాలి గోడు.

మూడు నెలలుగా వంటింట్లో పాలు కాచినా కాలిన రెసిన్ జిగురు కంపే.

"ఏమండీ, మీ ఫ్యాక్టరీలో ఓవెన్ లేదా?"

"ఉంది. ఈ కాయిల్ ఎలా చస్తోందో చూడాలి. అందులో ఎన్ని గంటలు పెట్టినా చావడం లేదు."

"నా ఓవెన్‌లో పెడితే చస్తుందా?"

"నీది పాతది కదా. వేడి ఓసారి ఎక్కువ, ఓసారి తక్కువ. కొండ రోడ్డు మీద ఇంజనూ అంతే."

ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ఆ ఓవెన్‌ని మెచ్చుకోవడం అదే మొదటిసారి.

ఆయన చేసేది కాయిల్స్ డిజైను. ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే వస్తువది. ఒకప్పుడు మంచినీళ్ల గ్లాసంత ఉండేది. ఆయన దాన్ని బొటనవేలంత చేశాడు. లోపల వెంట్రుకలాంటి తీగ, పద్దెనిమిది వేల చుట్లు, చుట్ల సందుల్లో పోసి గట్టిపరిచిన రెసిన్. ఉడుకుతున్న ఇంజన్ నెత్తిమీదే దాని కాపురం. రెసిన్‌లో ఆవగింజంత గాలిబుడగ మిగిలినా చాలు, వేడికి పగులుతుంది. రవ్వ దారి తప్పుతుంది. బండి ఆగిపోతుంది.

బండ్లు ఆగుతూనే ఉన్నాయి. ఊరికీ ఫ్యాక్టరీకీ మధ్యనున్న కొండ రోడ్డులో, పైన ఆఖరి మలుపు దగ్గర.

ఊళ్లోవాళ్ల కథ వేరు. అక్కడ ఎవరో లిఫ్టు కోసం కాచుకుని ఉంటారట. బండి ఆగగానే వెనకద్దం మీద గోటితో టిక్కు టిక్కుమని కొడతారట. పది నిమిషాలకి బండి మళ్లీ స్టార్టవుతుంది. కానీ కొండ దిగేదాకా, ఇంకో మనిషి ఎక్కినట్టు బరువుగా నడుస్తుంది.

ఆయన ఒక్కొక్కదానికీ జవాబు చెప్పేవాడు.

"టిక్కు టిక్కుమనేది గోరు కాదు. రవ్వ పగులులోంచి బయటికి కారి ఇనుముని కొడుతోంది."

"మరి పది నిమిషాలకి ఎందుకు కదులుతుంది?"

"కాయిల్ చల్లారి పగులు మూసుకుంటుంది. ఇంజన్‌కి నాలుగు కాయిల్స్, నాలుగింట్లో మూడే కోలుకుంటాయి. నలుగురు మోసే బరువు ముగ్గురు మోస్తే బరువుగా ఉండదూ?"

"మీకు దెయ్యాన్ని అప్పగిస్తే దానికీ డ్రాయింగు గీసేస్తారు" అందావిడ.

పోయిన నెలదాకా అది నవ్వుకునే మాటే. పోయిన నెల ఆ మలుపులో ఆగిన కారుని వెనకనుంచి లారీ గుద్దింది. కార్లో ఒక నర్సు. డ్యూటీ దిగి ఇంటికి పోతోంది. కారులో ఉన్నది ఈయన కాయిలే.

అప్పట్నుంచీ ఆయన కంచం ముందు కూర్చుని వేళ్లమీద చుట్లు లెక్కపెడుతున్నాడు. చివరికి కంపెనీకి ఒక ఉత్తరం రాశాడు. నా డిజైనే ఆ మనిషిని చంపింది, అమ్మినవన్నీ వెనక్కి తెప్పించండి, అని. రిటైరవడానికి ఇంకా పద్నాలుగు నెలలుంది.

ఆవిడ రెండుసార్లు చదివింది.

"జైల్లో పెడతారా?"

"పెట్టొచ్చు."

"అక్కడా ఓవెన్ అడుగుతారా?"

ఆయన నవ్వలేదు. ఆవిడ కాగితం మడిచి, ఇవ్వకుండా చేతిలోనే పెట్టుకుంది.

"అక్కడ ఆగిన బండ్లన్నీ మీ కాయిల్‌వేనా?"

"నా టేబుల్ మీదికొచ్చిన ఫిర్యాదులన్నీ వాటివే."

"చెప్పుల కొట్టుకి చెప్పు కరిచినవాళ్లేగా వచ్చేది."

"నువ్వు ఇంజన్ల జోలికి రాకు" అని ఉత్తరం లాక్కున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఫ్యాక్టరీకి బయల్దేరాడు. సొంత కారు కాయిల్స్ ఓవెన్‌లో ఉన్నాయి కాబట్టి ఆవిడ తమ్ముడి వ్యాను అడిగి తెచ్చుకున్నారు. "బావా, టైర్లు కొత్తవి, చూసి నడుపు" అన్నాడు తమ్ముడు. ఆవిడా పక్కసీట్లో ఎక్కి కూర్చుంది. దారిలో ఆయన మనసు మార్చాలని ఆవిడ ఎత్తు.

ఊరు దాటారు. వ్యాను దడదడలాడుతూ కొండెక్కింది. ఆవిడ పింఛను గురించి చెప్పింది. ఫీజు కట్టాల్సిన కూతురి గురించి చెప్పింది. ఆయన జేబు మీద చెయ్యి వేసుకుని ఒక్కటే అన్నాడు.

"ఆ నర్సుకీ ఇల్లుంటుంది కదే."

ఆవిడ మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

ఆఖరి మలుపు దగ్గర వ్యాను ఆగిపోయింది.

ఎండ ఫెళ్లున కాస్తోంది. వెనకా ముందూ ఒక్క బండి లేదు. ఆయన తాళం తిప్పాడు. మళ్లీ తిప్పాడు. లాభం లేదు.

"ఉత్తరం తెస్తున్నారని మీ కాయిల్‌కి తెలిసిపోయినట్టుంది" అందావిడ.

ఆయన ఇంకోసారి తాళం తిప్పాడు.

వెనకద్దం మీద చప్పుడయింది. టిక్కు, టిక్కు.

ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుంది. "రవ్వే కదూ? పగులులోంచి కారుతోంది, అంతే కదూ?"

ఆయన ముందద్దంలోంచి రోడ్డునే చూస్తున్నాడు.

"చెప్పరేం? పది నిమిషాల్లో చల్లారిపోతుందని మీరేగా అన్నారు. ఆగుదాం. పది నిమిషాలు ఎంతలో అవుతాయి?"

చప్పుడు ఆగింది. వ్యాను వెనకవైపు మెల్లగా కుంగింది, బరువైన మనిషెవరో చూసుకుని ఎక్కినట్టు.

ఆవిడ ఆయన మోచెయ్యి పట్టి ఊపింది. "ఇంకా స్టార్టే చెయ్యలేదు కదండీ. ఇది మీ కాయిలే అని ఒక్కసారి చెప్పండి."

ఆయన తాళం మీంచి చెయ్యి తీశాడు.

"నేనే పొరబడ్డాను," అన్నాడు వెనక్కి తిరగకుండా, "మీ తమ్ముడిది డీజిల్ బండి, దీంట్లో కాయిలే ఉండదు."