ఎవరి కోటు?

"ఈ కోటు మీది కాదు," అన్నాడు దర్జీ, కోటును బల్ల మీద తిరగేసి పరుస్తూ.

"నాదేనండీ," అంది ఎదురుగా నిలబడ్డ ఆవిడ. మాట తడబడింది. దర్జీ అనుమానం అక్కడే బలపడింది.

అది పెద్ద బట్టల దుకాణం. మరమ్మతు బల్ల వెనక గోడ మీద నిలువెత్తు బోర్డు: 'భూమికి బరువు కావద్దు. మా కోటు ఒక్కటి చాలు. జీవితాంతం ఉచితంగా బాగుచేస్తాం.' కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో మాట: కొన్నవారికి మాత్రమే. వేరేవాళ్లు వాడుతున్నారని తేలితే దర్జీ లోపలి లేబుల్ కత్తిరించెయ్యాలి. లేబుల్ లేని కోటుకు ఆ బల్ల మీద సూది తగలకూడదు. "ఇంకొక్క దొంగ కోటు దాటిపోయిందంటే నీ ఉద్యోగం ఊడినట్టే," అని మేనేజరు పొద్దున్నే ముఖం వాచేలా చివాట్లు పెట్టి పోయాడు.

"చేతులు ఒకసారి పొడుగు చేశారు, ఒకసారి కురచ చేశారు. నడుము విప్పారు, మళ్లీ బిగించారు. పాత కుట్ల గుర్తులు కనిపిస్తూనే ఉన్నాయి. మీరేమన్నా పొద్దున లావెక్కి సాయంత్రానికి సన్నబడతారా?"

ఆవిడ నవ్వబోయి ఆపుకుంది.

"కిందటిసారి దీన్ని తెచ్చింది ఒక పొడుగాటాయన. అంతకుముందు బొద్దుగా ఉండే ఆవిడెవరో. ఏమిటమ్మా ఈ దందా? అద్దెకు తిప్పుతున్నారా?"

ఇక దాచి లాభం లేదనుకుంది ఆవిడ. "అద్దె లేదు, పాడూ లేదండీ. సాయంత్రం కంప్యూటర్ క్లాసులో కలిసి చదువుకుంటున్నాం. చందాలేసుకుని ఒక్కటి కొన్నాం. ఎవరికి ఇంటర్వ్యూ వస్తే వాళ్లు వేసుకుంటారు. తలా ఒకటి కొని బీరువాలో వేలాడదీయడమెందుకు? మీ బోర్డు చెప్పేదీ అదేగా."

దర్జీకి ఒళ్లు మండింది. "బోర్డు చూపించి నాకే పాఠాలా? అందరూ ఒక్క కోటుతో సరిపెట్టుకుంటే కొత్తవి ఎవరు కొంటారు?"

అచ్చం మేనేజరు మాటే. అది తన నోట్లోంచి రావడం అతనికే ఎబ్బెట్టుగా తోచింది.

"ఈ ఒక్కసారికి చూసీచూడనట్టు వదిలెయ్యండి. భుజాలు బిగించి, చేతులు కురచ చెయ్యాలి. రేపు పొద్దున్నే ఇంటర్వ్యూ."

"ఎవరికి? ఆ మనిషిని రమ్మనండి. నేను మాట్లాడతాను."

"రాదండీ. పేరు చెప్పనని మాటిచ్చాను."

"తప్పు లేకపోతే దాపరికం ఎందుకు? నా చెవిలో పూలు పెడదామనుకున్నారా?"

దర్జీ మరి ఆగలేదు. కత్తెర తీసి, లేబుల్‌ను కసుక్కున కత్తిరించి డబ్బాలో పడేశాడు. కోటు ఆవిడ ముందుకు తోశాడు.

ఆవిడకు కోపం రాలేదు. జాలిగా చూసింది. ఆ చూపుకి అతని అనుమానం ఇంకా పెరిగింది.

"పోనీ, ఇంటికి తీసుకెళ్లి కుట్టండి," అంది నెమ్మదిగా.

"ఎవరో ముక్కూముఖం తెలియని మనిషికి నేను ఇంట్లో కూర్చుని కుట్టాలా? బాగానే ఉంది వరస. కొలతలు ఎవరిస్తారు?"

"కొలతలు మీకు తెలిసినవేనండీ. 'నాన్న ఉద్యోగానికి ఎసరొస్తుంది, ఆయనకు మాత్రం చెప్పకక్కా' అని ఒట్టేయించుకుంది మీ అమ్మాయి."