పన్నెండో గుంట

అన్న మంచం పక్కన చెక్క పళ్లెం. దానిలో పన్నెండు గుంటలు, పదకొండు రాగి నాణేలు. దొరల కాలానివి. అన్నిటికీ ఏడాది అంకెల కింద ఆవగింజలో సగమంత చుక్క.

"ఏ టంకశాలదో చెప్పేది ఆ చుక్కేరా," అని అన్న ఒకసారి తమ్ముడికి చెప్పాడు. అంతకుమించి చెప్పే మనిషి కాదు.

పన్నెండో గుంట ముప్పయ్యేళ్లుగా ఖాళీ. దాని కింద ఏడాది మాత్రం రాసుంది.

డాక్టరు వారం రోజులన్నాడు.

"నా మొహం ఎన్నడైనా ఇంత పరీక్షగా చూశారా? ఇప్పుడు కూడా ఆ గుంట మీదే చూపు," అంది వదిన. నవ్వబోయింది. నవ్వు రాలేదు.

తమ్ముడిది ఇత్తడి ముద్రలు చెక్కే పని. నాణేల అంగళ్లలో అడిగితే అన్న చెవిన పడుతుందని పాతసామాన్ల కొట్లు పట్టుకు తిరిగాడు. నాలుగో రోజు, సొట్టలు పడ్డ చెంబుల అడుగున ఆ ఏడాది నాణెం దొరికింది. అంకెలు సరిగ్గా ఉన్నాయి. చుక్క లేదు.

తన కొట్లోకెళ్లి తలుపు వేసుకున్నాడు. సన్న ఉలి తీశాడు. పాత చుక్కల ఎత్తూ, గుండ్రమూ కంటికి కంఠతా వచ్చు. చుట్టూ రాగిని వెంట్రుకవాసి గీకి చుక్కను పైకి తేల్చాడు. మసి రాసి, తుడిచి, మళ్లీ రాశాడు. పుట్టుమచ్చలా కుదిరింది.

అన్న భూతద్దం కంటికి ఆనించుకున్నాడు. చాలాసేపు తీయలేదు. బొటనవేలు చుక్క మీదే తిరుగుతోంది.

"ఎక్కడిదిరా?"

"పాతసామాన్ల కొట్లో, అన్నయ్యా."

"నీకు దొరికినప్పుడే ఈ చుక్క ఉందా?"

"ఉంది. లేకపోతే ఎందుకు తెస్తాను?"

"అవును. లేకపోతే ఎందుకు తెస్తావు."

తమ్ముడి కుడిచెయ్యి అందుకున్నాడు. గోళ్లలో రాగిపొడి. ఆ చేతిని చెంపకు ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. రెప్పల కింద తడి.

"బాగుందిరా. చాలా బాగుంది. గుంటలో పెట్టెయ్."

నాణెం ఇట్టే కూర్చుంది.

ఆ తర్వాత మూడో రోజు అన్న పోయాడు.

పది రోజులయ్యాక వదిన పళ్లెం తెచ్చి తమ్ముడి ముందు పెట్టింది. దాని మీద అట్ట ఊడిన నోటుపుస్తకం.

"నువ్వు నాణెం తెచ్చిన సాయంత్రమే దీన్ని పొయ్యిలో పెట్టెయ్యమన్నారు. నాకు చేతులు రాలేదు. ఆయన రాత కదా, నువ్వుంచుకో."

తమ్ముడు పేజీలు తిప్పాడు. పన్నెండో నాణెం దగ్గర ఆగాడు. సిరా ఎప్పుడో వెలిసిపోయింది.

"ఈ ఏడాదివి చుక్క ఉన్నవి దోసిళ్లకొద్దీ దొరుకుతాయి గానీ, చుక్క పెట్టడం మరిచి అచ్చువేసినవి నాలుగైదే మిగిలాయట, అలాంటిదొక్కటి నా చేతికొస్తే చాలు."