ఎడమచేతి డాలు

“రెండు కత్తులైతే దెబ్బలు డబుల్ పడతయన్నా!”

“నీకు తాకేటియి సుత డబులే. ఒక చేతిల డాలు పట్టు రవళీ.”

“నా ముంగట నువ్వుంటవ్ గదా, నాకేం ఫికర్?”

ఫోన్లో గేమ్ ఆడినప్పుడల్లా రవళికి అన్న మధుకర్‌తో ఇదే కొట్లాట.

ఇవాళ అతను పోయి మూడో రోజు, కాకికి కూడు పెట్టే పిట్టముట్టుడు. వడ్డేపల్లి చెరువు కట్ట మీద విస్తరిలో అతనికిష్టమైన బిర్యానీ పెట్టారు. కాకులు చుట్టూ వాలాయి గానీ ఒక్కటీ ముట్టలేదు.

“వాని పాణం దేని మీదున్నదో బిడ్డా!” అమ్మ ఏడ్చింది.

రవళి గేమ్ తెరిచింది. బండి ప్రమాదంలో అన్న ఫోన్ ముక్కలైంది. అయినా అతని పేరు పక్కన ఆన్‌లైన్ పచ్చచుక్క వెలుగుతూనే ఉంది.

తన బొమ్మ ఎడమచేతిలో కత్తి తీసేసి డాలు పెట్టింది.

“పట్టిన అన్నా. ఇగ నా ఫికర్ ఇడువు.”

కాకి బిర్యానీ ముట్టింది. పచ్చచుక్క ఆరిపోయింది.