మెలుసీ, ఇంటికి పద

జొహానెస్‌బర్గ్ బస్టాండులో డుమిసాని కండక్టరుకు రెండు వేళ్లు చూపించాడు.

"రెండో మనిషేడీ పెద్దాయనా?"

ముసలాయన చేతిలోని రేగుకొమ్మ పైకెత్తాడు. కండక్టరు టోపీ తీసేసి, సరిహద్దు అవతలి గ్వాండాకి రెండు టికెట్లు చింపి ఇచ్చాడు.

పెద్దకొడుకు మెలుసి ఉక్కు ఫ్యాక్టరీలో పోయాడు. కరిగిన ఉక్కు తొట్టి ఒరిగిపోయింది. ఆ షిఫ్టులో ఒక్కడూ మిగల్లేదు, పూడ్చడానికి శవాలూ మిగల్లేదు. గేటు దగ్గరి హాజరు కార్డులు చూసి ఊళ్లకు కబురంపారు. పొరుగుదేశం కూలీలు కదా, అంతకుమించి ఎవరికి పట్టింది!

అలాంటి చావు చచ్చినవాణ్ని, పోయినచోటికే వెళ్లి పేరుపెట్టి పిలవాలి. అప్పుడు కొమ్మ మీదికి వస్తాడు. ఇల్లు చేరేదాకా వాడికి దారి చెబుతూ ఉండాలి, ఇంకెవరితోనూ మాట్లాడకూడదు. పిలవకపోతే వాడు ఆ కొలిమి దగ్గరే ఉండిపోతాడు, ఎప్పటికీ. పొద్దున్నే డుమిసాని ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర 'మెలుసీ' అని పిలిచి వచ్చాడు.

"మెలుసీ, బస్సెక్కుతున్నాం కొడకా. మెట్టు ఎత్తుగా ఉంది, చూసుకో."

కొమ్మను కిటికీ పక్కన పెట్టాడు. మూటతో వచ్చిన ఒకావిడ అక్కడ కూలబడబోయింది.

"ఆగమ్మా, అక్కడ మనిషున్నాడు!" అరిచాడు కండక్టరు.

"అయ్యో, చూసుకోలేదు నాయనా, ఏమనుకోకు," అని కొమ్మకే చెప్పి ఆవిడ వెనక్కి వెళ్లిపోయింది.

బస్సు కదిలింది. ముసలాయనకు ఏడుపు కన్నా కోపమే ముందొచ్చింది. ఆ కోపమంతా చిన్నకొడుకు మీద.

"మీ తమ్ముణ్ని చూశావా? ఆ బెకి వెధవ! ఏడాదిగా నీ గదిలో పడి తిన్నాడు. నువ్వు పోయాక పత్తా లేడు. ఫోనెత్తడు. ఆ గేటు దాకా వచ్చి 'అన్నా' అని ఒక్క కేక వెయ్యలేకపోయాడురా! ఇంకోసారి నా గడప తొక్కనీ, కాళ్లు విరగ్గొడతాను."

తిట్టీ తిట్టీ అలసిపోయాడు. చాలాసేపు కొమ్మను నిమురుతూ కూర్చున్నాడు.

"మెలుసీ, లింపోపో ఏరు దాటుతున్నాం. అదిగో నీళ్లు. మన దేశం వచ్చేసిందిరా. ఇక నిన్నెవడూ కాగితాలు అడగడు."

ఆ మాటతో ఆయన గుండె పగిలింది. పైపంచలో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

గ్వాండాలో దిగి రెండు కోసులు నడిచాడు. మలుపు మలుపుకీ పేరుపెట్టి పిలిచాడు. "మెలుసీ, ఇటు. మెలుసీ, ముళ్లకంచె ఉంది, వంగు." ఇంటి ముందు ఆడవాళ్ల ఏడుపు వినిపించింది.

"వచ్చేశాం కొడకా. లోపలికి రా, మెలుసీ."

గుడిసెలోంచి మెలుసి పరుగెత్తుకొచ్చి తండ్రి కాళ్ల మీద పడ్డాడు.

"కాగితాల్లేవని పోలీసులు నన్ను జైల్లో వేసి నిన్ననే సరిహద్దు దాటించారు నాన్నా, నా పని పోకూడదని ఆ రోజు నా కార్డు పట్టుకుని లోపలికి వెళ్లింది బెకి!"