దిగేటప్పుడు తూకం

"నవ్వుడు అయినంక చెప్పుండ్రి సార్. మీరు దిగుతరని లిఫ్ట్ ఆపి పెట్టిన," అన్నాడు వీరేశం.

దినేశ్ నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. రాయదుర్గంలోని ఆ అద్దాల భవనంలో పద్దెనిమిదో అంతస్తు కంపెనీకి అతను మేనేజరు. శనివారం అక్కడ సైన్సు సభ. ఎవరిని వేదిక ఎక్కించాలో తేల్చేది అతనే. ఇక ఒక్కరికే చోటుంది. చేతిలో, 'ఎంపికైందని నోటీసు పెడితే నేనే వస్తాను' అన్న మాట తప్ప పేరూ ఊరూ లేకుండా పోస్టులో వచ్చిన నూటపన్నెండు పేజీల కట్ట.

"విను వీరేశం. న్యూటన్ సగమే చెప్పాడట, మిగతాది ఈయన పూరిస్తాడట! వస్తువు కిందికి దిగేటప్పుడు దాని ద్రవ్యరాశి కొంత వేగం కింద ఖర్చయిపోతుందట. వేగం పెరిగేకొద్దీ తరుగుతుందట. లిఫ్టు దిగుతుంటే పొట్టలో తేలికవుతుంది కదా, అదే రుజువట!"

"తేలికైతది సార్. ఇరవై ఏండ్ల సంది లిఫ్టులల్లనే ఉన్న, నాకెర్క లేదా?"

వీరేశం ఆ భవనంలో లిఫ్టుల మెకానిక్కు. ఎనిమిదో తరగతిలోనే బడి మానేశాడు. మెడలో కార్డులు వేలాడేసుకుని, ఒక్క అంతస్తు మెట్లెక్కడానికి ఆయాసపడే ఈ చదువుకున్నవాళ్లంటే అతనికి మహా చులకన.

"సాంతం సదవకుండనే నవ్వుతున్నరు. మీ కాలేజీలల్ల గిదే నేర్పిన్రా? జిమ్ముల తూకం మిషన్ ఉన్నది గద, తెప్పియ్యుండ్రి. నేను నిలవడ్త, మీరు సూడుండ్రి."

"తప్పని తేలితే?"

"చించి పారెయ్యుండ్రి. నిజమైతే మాత్రం ఆయనను స్టేజీ ఎక్కియ్యాలె."

"సరే, మాట ఇచ్చాను."

మిషను వచ్చింది. దాన్ని లిఫ్టులో పెట్టి ఇద్దరూ ఎక్కారు. పద్దెనిమిదో అంతస్తులో వీరేశం దాని మీద నిలబడ్డాడు. అరవై ఎనిమిది కిలోలు. తలుపులు మూసుకున్నాయి. లిఫ్టు కిందికి కదిలింది.

"అరవై ఒకటి!" దినేశ్ ముందుకు వంగాడు. "ఏడు కిలోలు తగ్గావయ్యా!"

"నేను చెప్పలే?" అన్నాడు వీరేశం. "ఇంకా స్పీడందుకుంటది. ఇంకా తగ్గుతది సూడుండ్రి."

లిఫ్టు పూర్తి వేగం అందుకుంది. మిషను మీద అంకె మళ్లీ అరవై ఎనిమిదికి వచ్చి, అక్కడే నిలిచింది. పదిహేను, పన్నెండు, ఎనిమిది, అంతస్తులు జారిపోతున్నాయి. అరవై ఎనిమిదే. కింద ఆగబోయే ముందు మాత్రం డెబ్బై ఐదు చూపి, ఆగగానే మళ్లీ అరవై ఎనిమిది.

వీరేశం నాలుగుసార్లు పైకెళ్లి దిగాడు. నాలుగుసార్లూ అంతే.

"బయల్దేరేటప్పుడు, ఆగేటప్పుడే తేడా. మధ్యలో ఎంత వేగంగా పోయినా ఏమీ ఖర్చవలేదు," అన్నాడు దినేశ్.

"లంగ పని సార్, ఉత్త మోసం. ఒక్క క్షణం పొట్ట జారితే, లోకమంత గట్లనే నడుస్తదనుకున్నడు. ఒక్క తూకం మిషన్ కొని నిలవడి సూసుకునే అక్కల్ లేదు. పెండ్లాం మొత్తుకుంటుంటే ఇనకుండ పేజీలు నింపిండు, బేకార్‌గాడు."

"పెళ్లాం సంగతి నీకెలా తెలుసయ్యా?"

"గిసొంటోళ్ల ఇండ్లల్ల గట్లనే ఉంటది."

దినేశ్‌కు జాలేసింది. "పోనీలే, ఏళ్ల తరబడి కష్టపడినట్టున్నాడు. చివర్లో పది నిమిషాలిద్దాం. జనం కాసేపు నవ్వుకుంటారు."

"ఒద్దు సార్. మాట మాటే. ఇటియ్యుండ్రి."

వీరేశం కట్ట లాక్కున్నాడు. పది పేజీల చొప్పున పట్టుకుని అడ్డంగా చించాడు, మళ్లీ నిలువుగా చించాడు. ముక్కలు చెత్తడబ్బాలో పోసి, కాలితో అదిమాడు.

"ఎవడో రాసినదానికి నీకింత కోపమేంటయ్యా?"

వీరేశం చెత్తడబ్బా మూత గట్టిగా మూశాడు.

రాసింది అతనే.